ఎన్నారై సందేహాలు: ఏరోస్పేస్ పట్టా, ఊళ్లో అప్పు

అమెరికాలో ఏరోస్పేస్ ఎం.ఎస్. చివరి సెమిస్టరులో ఉన్నాననీ, రాకెట్ల కంపెనీలో తప్ప చేరననీ, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణం అలాగే ఉందనీ రాశారు. వీటిలో నన్ను కలవరపెట్టింది మూడోది.

రాకెట్లు, యుద్ధవిమానాల పనిలో చాలా భాగం ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల కిందికి వస్తుంది. పౌరులు, గ్రీన్‌కార్డుదారులు, శరణార్థులుగా గుర్తింపు పొందినవారు కాక మరెవరికైనా ఆ సాంకేతిక వివరాలు చూపాలంటే కంపెనీ ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. నిన్న పట్టా పుచ్చుకున్న కుర్రవాడి కోసం అంత తంటా ఎవరు పడతారు? ‘మీరు యు.ఎస్. పర్సనా?’ అనే గడిలో ‘కాదు’ అని టిక్కు పెడుతూనే, నా మార్కులు చూసి పిలవకపోతారా అన్న ధీమాతో ఒకప్పుడు నేనూ వేసవంతా అలాంటి ఉద్యోగాలకే దరఖాస్తులు పెట్టాను. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేయనిచ్చే ఓపీటీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడపనిచ్చేది మొత్తం 90 రోజులే. అవి కరిగిపోతుంటే ఇక్కడ అద్దె, అక్కడ వడ్డీ పేరుకుపోయాయి. నాన్నగారు ఫోనులో వడ్డీ ఊసెత్తకుండా, భోజనం చేశావా అని మాత్రమే అడిగేవారు.

చివరికి కాన్సస్‌లోని విచిటాలో పౌరవిమానాల స్ట్రెస్ అనాలిసిస్ పని దొరికింది. ఈ పని ఎక్కువగా ఐటార్ పరిధిలోకి రాదు. రివెట్ల వరుస దగ్గర రేకు చిరగదనీ, లిమిట్ లోడుకు, అంటే వాడకంలో పడగల గరిష్ఠ భారానికి, 1.5 రెట్లు మోస్తుందనీ లెక్కగట్టి సంతకం పెట్టడమే ఉద్యోగం, ఆర్భాటమేమీ ఉండదు. అయినా ఆకుపచ్చ పూతతో బోయింగ్ 737ల మొండేలు, అదే ఫ్యూజిలాజ్‌లు, రైలెక్కి, వాటిని విమానాలుగా కూర్చే రెంటన్‌కు వెళుతుంటే, మీరు నవ్వినా సరే, నేను ఇప్పటికీ కారు పక్కకు ఆపి చూస్తాను.

ఇక్కడా డబ్బు గురించి ఏమరుపాటు పనికిరాదు. 2020 జనవరిలో 737 మ్యాక్స్ తయారీ ఆగిపోయినప్పుడు ఈ ఊళ్లో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. అంతమందీ వెతికేది అదే పని కనుక పక్క కంపెనీలో దొరుకుతుందని ఆశపడడానికి లేదు. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక ఉండే గడువు మామూలుగా 60 రోజులకు మించదు. అందుకే ఆరు నెలల అద్దె, ఊళ్లో కట్టాల్సిన వాయిదాలు బ్యాంకులో కూడేవరకు, ఇప్పటి పిల్లలకు ఎంత నామోషీగా ఉన్నా, పాత కారే నడపండి. క్రెడిట్ చరిత్ర లేనివారికి కొత్త కారు అప్పు మీద పడే వడ్డీ ఇంటి దగ్గరి వడ్డీని మరిపిస్తుంది.

సైన్సు, ఇంజనీరింగు పట్టాలకు ఓపీటీని పెంచే స్టెమ్ పొడిగింపు వివరాలు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో చెబుతారు. రాకెట్ల దారి గ్రీన్‌కార్డు వచ్చాక తెరుచుకుంటుంది గానీ, భారతదేశంలో పుట్టినవారి వరుస ఏళ్ల తరబడి సాగుతుంది కనుక, గ్రీన్‌కార్డుకు కంపెనీ వేయాల్సిన తొలి అడుగైన పెర్మ్ ఎప్పుడు మొదలుపెడతారో ఆఫరు మీద సంతకం చేయకముందే అడిగి, జవాబు ఈమెయిల్లో రాయించుకోండి.