కార్యాలయంలో లీన్ పద్ధతి: ముందు ఫైలు వెంట నడవండి

మీ కార్యాలయంలో లీన్ (పనిలోని వృథాను తగ్గించే, టొయోటా కార్ల సంస్థ పద్ధతుల నుంచి వచ్చిన విధానం) పేరుతో గోడకు బోర్డు పెట్టి, రోజూ ఉదయం నిలబడి మాట్లాడుకునే సమావేశాలు మొదలుపెట్టి, సలహాల పెట్టె కూడా ఏర్పాటు చేసినా నెలలు గడిచాక మార్పేమీ కనిపించడం లేదనీ, కర్మాగారాల్లో పుట్టిన ఈ పద్ధతి కాగితాల పనికి అసలు సరిపోతుందా అనీ అడిగారు. సరఫరాదారుల బిల్లులను పరిశీలించి చెల్లింపులకు పంపే విభాగంలో చాలాకాలం పనిచేశాను. అక్కడ ఈ పద్ధతిని అమలు చేసిన బృందంలోనూ ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, సరిపోతుంది. అయితే మీరు చెప్పిన ఆ మూడూ తరువాత రావలసినవి. పని ఎక్కడ ఆగుతున్నదో కళ్లారా చూడడం వాటికంటే ముందు జరగాలి.

మా విభాగంలో ఎవరికీ తీరిక ఉండేది కాదు. అయినా ఆలస్యం గురించి సరఫరాదారుల ఫోన్లు ఆగేవి కావు. సిబ్బందిని పెంచాలని కొందరు, కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలని కొందరు వాదిస్తుండగా, మేము కొన్ని బిల్లులను ఎంచుకుని, ఒక్కొక్కటి మా దగ్గరికి చేరినప్పటి నుంచి సొమ్ము జమ అయ్యేదాకా ఏ బల్ల మీదికి ఎప్పుడు వెళ్లింది, ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎందుకు వెనక్కి వచ్చింది అని రాసుకుంటూ దాని వెంటే వెళ్లాము. ఒక బిల్లు మీద నిజంగా పని జరిగే సమయం మహా అయితే గంట. మిగిలిన వారాలన్నీ అది ఎవరో ఒకరి వంతు కోసం ఎదురుచూస్తూనే గడిపేది. టొయోటా ఇంజనీరు తాయిచి ఓనో వృథాను ఏడు రకాలుగా విభజించారు: అవసరానికి మించిన ఉత్పత్తి, నిరీక్షణ, అనవసరపు రవాణా, అక్కరలేని ప్రక్రియ, పేరుకుపోయిన నిల్వ, అనవసరపు కదలిక, లోపాలు. కర్మాగారంలో నిల్వ గుట్టలుగా కంటికి కనిపిస్తుంది. కార్యాలయంలో అది ఇన్‌బాక్సుల్లో ఉంటుంది కనుక వెంట వెళ్లి చూస్తే తప్ప తెలియదు.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. 1961లో అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, పని నిలకడగా సాగుతున్నంతకాలం, చేతిలో ఉన్న పనుల సగటు సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు కాలం వస్తుంది. మీ దగ్గర 120 ఫైళ్లు ఉండి రోజుకు 10 పూర్తవుతుంటే ఒక్కోదానికి 12 రోజులు పడుతుంది. అదే వేగంతో పనిచేస్తూనే చేతిలో 60 మాత్రమే ఉండేలా చూసుకోగలిగితే 6 రోజులు చాలు. ఎవరూ పరుగులు పెట్టనక్కరలేదు. మా దగ్గర నిల్వ పెరగడానికి పెద్ద కారణం, ఆమోదించే అధికారి వారానికి ఒకసారి కట్టగా సంతకాలు చేయడం. దాన్ని రోజువారీగా మార్చడానికి పెట్టిన ఖర్చేమీ లేదు, ఆయనను ఒప్పించడానికి పట్టిన సమయం తప్ప! సిబ్బంది ప్రతి నిమిషమూ నిండుగా పనిలో ఉండాలన్న పట్టుదల కూడా నిల్వను పెంచుతుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కోదానికి పట్టే సమయం మారుతూ ఉండే చోట ఒక్కరే వాటిని చూసుకుంటుంటే, క్యూల గణితంలోని ప్రాథమిక నమూనా ప్రకారం, ఆ వ్యక్తి సమయంలో 80 శాతం నిండినప్పుడు సగటు నిరీక్షణ పనికి పట్టే సమయానికి 4 రెట్లు, 95 శాతం నిండినప్పుడు 19 రెట్లు అవుతుంది.

రెండో విషయం కొర్రీలు. మేము తిప్పి పంపే బిల్లుల్లో ఎక్కువ భాగం కొనుగోలు ఆర్డరు సంఖ్య లేనివే. ఎందుకు లేదని అడుగుతూ వెళితే, సరఫరాదారు దగ్గర బిల్లు తయారుచేసే గుమాస్తాకు ఆ సంఖ్య తెలియదు. ఎందుకంటే ఆర్డరు అవతలి సంస్థలోని అమ్మకాల విభాగానికి వెళుతుంది. వారు సరుకు వివరాలున్న పుటను మాత్రమే ముందుకు పంపుతారు. మేము ఆ సంఖ్యను వేసేదేమో వేరే పుటలో. సంఖ్యను ప్రతి పుట పైభాగంలో పెద్ద అక్షరాలతో ముద్రించడం మొదలుపెట్టాక కొర్రీలు బాగా తగ్గాయి. దానితోపాటు, సంఖ్య లేని బిల్లును స్వీకరించే చోటే ఆపేశాము. దారం తెగగానే దానంతటదే ఆగిపోయే మగ్గాన్ని టొయోటా సంస్థల మూలపురుషుడు సకిచి టొయోడా 1924లో పూర్తి చేశారు. లోపాన్ని పుట్టిన చోటే ఆపాలన్న టొయోటా సూత్రానికి మూలం అదే. లోపమున్న బిల్లు మూడు బల్లలు దాటి నాలుగో బల్ల దగ్గర పట్టుబడితే, మొదటి ముగ్గురి శ్రమా వృథాయే.

సలహాల పెట్టె ఎందుకు ఖాళీగా ఉంటుందో మీ ప్రశ్నలోనే కొంత తెలుస్తోంది: వచ్చిన సలహాలను యాజమాన్య కమిటీ పరిశీలిస్తుందని రాశారు. టొయోటా కర్మాగారంలో లోపం కనిపించి కార్మికుడు సాయం కోరే తాడు లాగితే (లేదా మీట నొక్కితే) బృంద నాయకుడు ఆ క్షణంలోనే పక్కకు వస్తాడు. సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. అలాగే మీ దగ్గర కూడా కమిటీ కోసం ఆగకుండా, సలహా ఇచ్చినవారే తమ పరిధిలో దాన్ని ఒక వారం ప్రయత్నించి చూడగలగాలి. దీనికి మరో షరతు ఉంది, బహుశా అన్నిటికంటే కష్టమైనది. పని సులభమైతే తన ఉద్యోగం పోతుందని భయపడే మనిషి ఏ లోపాన్నీ బయటపెట్టడు. 1982లో జనరల్ మోటార్స్ మూసివేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారాన్ని 1984లో టొయోటాతో కలిసి నమ్మీ పేరుతో తిరిగి తెరిచినప్పుడు, ఎక్కువగా పాత కార్మికులనే తీసుకుని, తప్పనిసరి ఆర్థిక పరిస్థితుల్లో తప్ప ఎవరినీ తొలగించబోమని ఒప్పందం రాసుకున్నారు. తరువాత అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా మనుషులను తీసేయకుండా శిక్షణలోనూ మెరుగుదల పనుల్లోనూ పెట్టారు. మీ యాజమాన్యం అలాంటి మాట రాతపూర్వకంగా ఇవ్వగలదేమో ముందే అడగండి.

బోర్డు విషయానికి వస్తే, దాని మీద ఇప్పుడు ఒక్కో ఉద్యోగి పూర్తి చేసిన ఫైళ్ల సంఖ్య రాస్తున్నారని చెప్పారు. మా దగ్గరా కొంతకాలం అదే నడిచింది. అందరూ తేలిక బిల్లులను ఏరుకునేవారు, చిక్కు బిల్లులు అడుగున పడి ఉండేవి. ఆ అంకెలను చెరిపేసి, ఇవాళ్టికి చేతిలో ఉన్న మొత్తం ఫైళ్లు ఎన్ని, వాటిలో అన్నిటికంటే పాతది వచ్చి ఎన్ని రోజులైంది, అది ఎందుకు ఆగింది అన్న మూడు వివరాలు మాత్రమే రాయండి. ఉదయపు సమావేశం ఆ పాత ఫైలుతోనే మొదలవ్వాలి.