స్మియర్ మామూలుగా ఉన్నా రక్తపు మరకలు: సమాధానం

మెనోపాజ్ దాటిన మీ పేషెంట్‌కు స్మియర్ (కణాల పరీక్ష) మామూలుగా వచ్చినా రక్తపు మరకలు ఎందుకు కనిపిస్తున్నాయని అడిగారు. మీరు స్మియర్ గర్భాశయ ముఖద్వారం నుంచే తీసినట్టున్నారు, యోని గోడలు మిగిలిపోయాయి. ఆమె 1966లో బోస్టన్‌లో పుట్టారని, గర్భంలో ఉండగా తల్లి డీఈఎస్ (గర్భస్రావం కాకుండా అప్పట్లో ఇచ్చిన కృత్రిమ ఈస్ట్రోజన్) మాత్రలు వాడారని మీరే రాశారు. అసలు ఆధారం అదే. యోని అడినోసిస్ (యోని పొరలో గ్రంథి కణాలు ఉండటం), అరుదుగా గ్రంథి కణాల్లో పుట్టే క్లియర్ సెల్ కేన్సర్ కావచ్చు.

1. నాలుగు గోడలనూ వేలితో తడమండి. పొర కింది గడ్డ కంటికి ఆనదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) రేకులు ముందు, వెనక గోడలను కప్పేస్తాయి. పావువంతు తిప్పి చూడండి. బయటికి తీస్తూ మళ్లీ చూడండి. ముందు గోడ పైభాగం దగ్గర తొందర పడకండి.

3. గోడల నుంచి విడిగా స్మియర్.

4. కాల్పోస్కోపీ (పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష), లూగాల్ అయోడిన్ (మామూలు పొరకు ముదురు రంగు పట్టించే ద్రావణం; తేడా ఉన్న చోట రంగు పట్టదు). మెనోపాజ్ తర్వాత పలచబడిన పొరకూ రంగు సరిగా పట్టదు, దాన్నొక్కదాన్నే నమ్మకండి. గట్టిగా తగిలిన చోట బయాప్సీ తప్పదు.

గర్భాశయ లోపొర పరీక్ష ఎలాగూ చేయించాలి.