స్ట్రోక్ విభాగంలో నర్స్ ప్రాక్టీషనర్: మళ్లీ చదవాల్సినంత పని ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది. నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి, చట్టం అనుమతించిన మేరకు మందులు కూడా రాయగల ఉన్నత శిక్షణ పొందిన నర్సు) అయి, ఆసుపత్రిలో పక్షవాత రోగుల చికిత్సను సమన్వయం చేసే ఉద్యోగంలో చేరతానంటోంది. ఫోన్లు చేయడానికి, ఫైళ్లు తిప్పడానికి మళ్లీ రెండేళ్లు చదవాలా? – ఒక తండ్రి

జవాబు: ఆ పనిలో ఫోన్లు ఉంటాయి, కాదనను. ఎవరికి, ఎప్పుడు, ఏం గమనించి చేయాలో తెలియడానికే ఆ చదువంతా. మెదడు రక్తనాళానికి రక్తపు గడ్డ అడ్డుపడి స్ట్రోక్ (పక్షవాతం) వస్తే, చికిత్స అందేదాకా నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. రోగి ఆసుపత్రికి చేరిన 60 నిమిషాల్లోపు అది పడాలన్నది చాలా ఆసుపత్రులు పెట్టుకున్న లక్ష్యం.

ఆ గంటలో మీ అమ్మాయి ఏం చేయాల్సి ఉంటుందో చూడండి. రోగి చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారో బంధువుల నుంచి రాబట్టాలి. వినడానికి ఇది తేలికే. కానీ కంగారులో ఉన్నవాళ్లు "ఇందాకే" అంటారు. నిద్ర లేచేసరికే చేయి పడిపోయి ఉంటే, లెక్క రాత్రి పడుకున్నప్పటి నుంచి మొదలవుతుంది. స్ట్రోక్ తీవ్రతను 0 నుంచి 42 వరకు ఉండే ఎన్ఐహెచ్ స్ట్రోక్ స్కేలుతో కొలవాలి. రక్తంలో చక్కెర చూడాలి, అది బాగా పడిపోయినా స్ట్రోక్‌లాగే కనిపిస్తుంది. సీటీ స్కాన్ సిద్ధం చేయించాలి. రక్తపోటు 185/110 దాటితే ఇంజెక్షన్‌కు ముందే దించాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందన్న అనుమానం వస్తే, సన్నని గొట్టంతో గడ్డను బయటికి తీసే బృందాన్ని అప్పటికే పిలిచి ఉంచాలి. న్యూరాలజిస్టు నిర్ణయం తీసుకునే సమయానికి ఈ వివరాలన్నీ అందుబాటులో ఉండాలి.

అయితే అందరూ చెప్పుకునేది ఆ మొదటి గంట గురించే. నాకు మాత్రం తర్వాతి రోజుల పనే ఇంకా విలువైనదనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. జ్వరం, చక్కెర, మింగే శక్తి... ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతి ప్రకారం చూసుకున్న చోట, 90 రోజుల నాటికి చనిపోయినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు 42 శాతం. మిగతా చోట్ల 58 శాతం. కొత్త మందేమీ లేదు. మింగగలరో లేదో పరీక్షించకుండా నోటికి నీళ్లు కూడా ఇవ్వకపోవడం లాంటి జాగ్రత్తలే అవి. ఆపైన స్ట్రోక్ ఎందుకు వచ్చిందో తేల్చే పరీక్షలు, ఫిజియోథెరపీ, మాట కోసం స్పీచ్ థెరపీ, ఇంటికెళ్లాక మందులు ఆపకుండా చూడటం... ఇవి ఒకదాని వెనుక ఒకటి జరిగేలా చూసే మనిషి లేకపోతే, విభాగాల మధ్య రోగి నలిగిపోతారు.

ఇక చదువు సంగతి. నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇప్పుడు అక్కడ కనీసం మాస్టర్స్ చదివి, జాతీయ పరీక్ష నెగ్గి, రాష్ట్ర లైసెన్సు పొందాలి. మందులు రాసే అధికారం ఎంతవరకన్నది పనిచేసే చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. ఈ హోదా లేని చోట్ల స్ట్రోక్ కోఆర్డినేటర్ నర్సు ఈ పనిలో చాలా భాగం చూస్తారు, కానీ మందుల విషయంలో నిర్ణయాధికారం తక్కువ.

డిగ్రీ అవగానే మాస్టర్స్‌లో చేరమని మాత్రం నేను చెప్పను. ముందు రెండు మూడేళ్లు ఎమర్జెన్సీలోనో, ఐసీయూలోనో, న్యూరో వార్డులోనో పనిచేయనివ్వండి. స్కానింగ్ విభాగంతో, సీనియర్ డాక్టర్లతో మర్యాద తప్పకుండా పట్టుబట్టగలగడం అక్కడే అలవడుతుంది. వేళకాని వేళ పిలుపులు, రాత్రి డ్యూటీలు ఆమెకు సరిపడతాయో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. స్ట్రోక్ స్కేలు శిక్షణ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, దాన్ని ఈలోపే పూర్తి చేయవచ్చు. కోర్సు ఎంచుకునేటప్పుడు కళాశాల పేరు కంటే ముందు, క్లినికల్ శిక్షణ ఎన్ని గంటలు, అందులో స్ట్రోక్ యూనిట్‌లో ఎన్ని వారాలు అని అడగమనండి. దానికి సూటిగా జవాబు రాకపోతే వేరే కోర్సు చూసుకోవడం మంచిది.