ఫోటోలో తాతగారి కారు: ఇప్పుడు హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది కాకినాడ. 1930లో మా తాతగారు ఫోర్డ్ మోడల్ ఏ రోడ్‌స్టర్‌లో స్టీరింగ్ పట్టుకుని దిగిన ఫోటో మా ఇంట్లో ఉంది. నంబరు ప్లేటు స్పష్టంగా కనిపిస్తుంది. అదే నంబరు గల కారును ఇటీవల చెన్నైలో పాత కార్లు సేకరించే ఒకరి దగ్గర చూశాము. తాతగారు దాన్ని అమ్మినట్లు కాగితాలేవీ లేవు. తిరిగి పొందగలమా?

జవాబు: ఫోటో ఒక్కదాన్ని నమ్ముకుని దావా వేయవద్దు. ఆ నంబరు గల కారులో తాతగారు కూర్చున్నారని అది చెబుతుందే గాని, కారు ఆయన సొంతమని గాని, కడదాకా ఆయన వద్దే ఉందని గాని చెప్పదు. స్నేహితుల కారులో కూర్చుని ఫోటో దిగినవారూ ఆ రోజుల్లో ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన పత్రాల విషయంలో భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 92వ సెక్షన్ కోర్టుకు ఇచ్చే వెసులుబాటు (రుజువు అడగకుండానే అసలైనవని భావించడం) సంతకం, చేతిరాత వంటివాటికే పరిమితం. పైగా 113వ సెక్షన్ ప్రకారం, వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో వారు యజమాని కాదని రుజువు చేయవలసిన భారం, ఆ మాట అన్నవారిదే, అంటే మీదే.

అసలు చిక్కు కాలపరిమితితో వస్తుంది. కారు దొంగతనానికి గురైందని మీరు చూపగలిగితే, 1963 నాటి లిమిటేషన్ చట్టం 68వ ఆర్టికల్ కింద, అది ఎవరి వద్ద ఉందో హక్కుదారుకు మొదట తెలిసిన నాటి నుండి మూడేళ్ల గడువు ఉంటుంది. ఎవరో అక్రమంగా తీసుకుపోయారని మాత్రమే అంటే, 69వ ఆర్టికల్ ప్రకారం తీసుకుపోయిన రోజు నుండే మూడేళ్లు లెక్కకు వస్తాయి. ఆ గడువు దాటాక 27వ సెక్షన్ వల్ల హక్కే అంతరించిపోతుంది. తాతగారే అమ్మి ఉంటే, మీ వద్ద కాగితం లేకపోవడం ఆ అమ్మకాన్ని రద్దు చేయదు.

నంబరు ప్లేటు ఒక కారు నుండి మరో కారుకు మారగలదు కనుక, ఇది అదే కారా అన్నదీ తేల్చుకోవాలి. మోడల్ ఏ కార్లలో ఇంజను నంబరునే ఛాసిస్ (కారు అడుగు చట్రం) మీద కూడా కొట్టేవారు. పాత బీమా పత్రంలోనో పన్ను రసీదులోనో ఆ నంబరు దొరికితే, అది మీ ఫోటో కంటే గట్టి సాక్ష్యం. తాతగారి వీలునామా, భాగపంపిణీ దస్తావేజుల్లో కారు ప్రస్తావన ఉందేమో కూడా వెతకండి.

అవేవీ దొరకకపోతే, దొంగతనం ఆరోపణతో పోలీసు ఫిర్యాదుకు వెళ్లకండి. అటువంటి కార్లు సేకరించేవారు వాటి పూర్వచరిత్రకు విలువ ఇస్తారు గనుక మర్యాదగా ఉత్తరం రాయండి. ఫోటో అడిగితే నకలు మాత్రమే, వాడుక షరతులు రాయించుకుని ఇవ్వండి.