డాక్టర్ సలహా: నొప్పి తగ్గింది కదా అని పుచ్చిన పన్ను వదిలేయకండి

ప్రశ్న: మా బాబుకి అయిదేళ్ళు. పైన ముందు పళ్ళు నాలుగూ నల్లబడి అరిగిపోయాయి, కింద కుడివైపు దవడ పన్ను పుచ్చింది. పోయిన వారం రాత్రిళ్ళు ఒకటే ఏడుపు. లవంగ నూనె పెట్టాం, ఎప్పుడో జలుబుకి రాసిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంటే రెండు రోజులు వేశాం, తగ్గింది. ఇప్పుడు చిగురు మీద చిన్న తెల్ల పొక్కు వచ్చి పోతోంది. కూల్‌డ్రింక్స్ అసలు ఇవ్వం, చాక్లెట్ ఎప్పుడో ఒకటి. బిస్కెట్లు, చిప్స్, స్కూల్ నుంచి రాగానే మ్యాంగో జ్యూస్ ప్యాకెట్, రాత్రి పడుకునేటప్పుడు పాలసీసా, అంతే. పాపకి 14 నెలలు, తనకీ సీసా అలవాటు. పాల పళ్ళే కదా ఊడిపోతాయిలే అంటారు మా అత్తయ్య. ఏ పేస్ట్ మంచిదో చెప్పగలరు. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పేస్ట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పొక్కు సంగతి. మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసేశారు గానీ నాకు కంగారు అనిపించింది అక్కడే. పుచ్చు లోపలి నరం దాకా వెళ్ళి, నరం చచ్చిపోయి, వేరు కింద చీము పట్టినప్పుడు అది చిగుర్లోంచి దారి చేసుకుని బయటికి వస్తుంది, చాలాసార్లు ఆ పొక్కు అదే. చీము బయటికి పోతోంది కాబట్టి ఒత్తిడి తగ్గుతుంది, పిల్లాడు ఏడవడు, మనం తగ్గిపోయింది అనుకుంటాం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ మీరు రాసిన దాన్ని బట్టి ఇది తగ్గడం కాదు, ముదరడం.

ఇక ఆ సిరప్. పొడిలో నీళ్ళు కలిపే యాంటీబయాటిక్ సిరప్‌లు చాలావరకు ఫ్రిజ్‌లో పెట్టినా 7 రోజులు, కొన్ని 14 రోజులు, అంతే, ఆ తర్వాత పారబోయాలి, సీసా మీదే రాసుంటుంది. మీరు వేసింది ఎప్పటిదో, డోసు ఎంతో, అసలు ఆ మందు పంటికి పనికొచ్చేదో కాదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పైగా సరైన యాంటీబయాటిక్ అయినా పంటిని బాగుచేయదు, లోపల చచ్చిన నరం అలాగే ఉన్నంత కాలం చీము మళ్ళీ మళ్ళీ పడుతుంది. మా క్లినిక్‌కి వారంలో ఇలాంటి పిల్లలు వస్తూనే ఉంటారు, మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకున్నాం సార్ అంటారు, తగ్గింది అంటారు, రెండు నెలలకి బుగ్గ బూరెలా పొంగాక పరిగెత్తుకొస్తారు. చదువుకున్నవాళ్ళు కూడా ఇదే చేస్తుంటే ఏమనాలి చెప్పండి.

లవంగ నూనె కూడా పెద్దవాళ్ళ వరకే. చిన్నపిల్లల చిగుర్లు కాలతాయి, పొరపాటున ఒక స్పూన్ మింగితే ఫిట్స్, లివర్ దెబ్బతినడం దాకా వెళ్ళొచ్చు, సీసా పిల్లలకి అందకుండా పెట్టండి. నొప్పి వస్తే పారాసిటమాల్ సిరప్ మీ పిల్లల డాక్టర్ బరువును బట్టి చెప్పిన డోసులోనే, పెద్దవాళ్ళ మాత్ర విరిచి ఇవ్వడం, ఆస్ప్రిన్ ఇవ్వడం వద్దు. వాపు వస్తే వేడి కాపడం పెట్టకండి. జ్వరం, వాపు కంటి వైపు గానీ దవడ కిందకి గానీ పాకడం, నోరు తెరవలేకపోవడం, చొంగ కారుతూ మింగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళాలి, తెల్లారనీ అని ఆగకండి.

పాల పళ్ళు ఊడిపోతాయన్న మీ అత్తయ్యగారి మాట ముందు పళ్ళకైతే కొంత నిజమే, ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ఊడతాయి. కానీ దవడ పాల పళ్ళు 10–12 ఏళ్ళ దాకా ఉండాలి, అంటే మీ వాడు ఇంకో అయిదు నుంచి ఏడేళ్ళు వాటితోనే నమలాలి. పైగా ఆ పాల పంటి వేళ్ళ మధ్యలోనే కొత్త పన్ను తయారవుతుంటుంది, పైన చీము ఉంటే అది మచ్చలతో రావచ్చు, ముందే పీకాల్సి వస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి కొత్తది వంకరగా రావచ్చు. ఇంకోటి, ఆరేళ్ళప్పుడు అన్నిటికన్నా వెనకాల ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద పన్ను వస్తుంది, అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. చాలామంది అదీ ఊడేదే అనుకుని పుచ్చేదాకా పట్టించుకోరు.

ఇప్పుడు మీ ‘అంతే’ దగ్గరికి వద్దాం. కూల్‌డ్రింక్, చాక్లెట్ లేవు కాబట్టి తప్పేం లేదనుకుంటున్నారు. పళ్ళ మీదుండే బ్యాక్టీరియాకి మ్యాంగో జ్యూస్ అయినా కూల్‌డ్రింక్ అయినా ఒకటే, చక్కెర దొరికితే యాసిడ్ చేస్తుంది, ఆ యాసిడ్ పైపొరని కరిగిస్తుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట అటూ ఇటూ పడుతుంది. అందుకే ఎంత తిన్నాడన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. ఒక లడ్డూ భోజనం తర్వాత ఒకేసారి తినేస్తే అంత నష్టం లేదు, అదే బిస్కెట్ ప్యాకెట్ పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తూ సాయంత్రం అంతా గంటకొకటి తింటే పళ్ళకి ఊపిరాడదు. జ్యూస్ ప్యాకెట్ వెనక పట్టీ చదవండి, 100 ఎంఎల్‌కి 12, 13 గ్రాముల షుగర్ అని ఉంటే ఆ చిన్న డబ్బాలో దాదాపు నాలుగు టీస్పూన్లు ఉన్నట్టే.

చిప్స్ తియ్యగా ఉండవు కదా అంటారు. బిస్కెట్లో, చిప్సో తిన్న పది నిమిషాలకి వాడి నోట్లో టార్చ్ వేసి చూడండి, దవడ పళ్ళ గాడుల్లో పిండి ముద్ద అతుక్కుని కనిపిస్తుంది. ఆ పిండి నోట్లోనే చక్కెరగా మారుతుంది, అదీ గంటల తరబడి అక్కడే ఉండి. స్కూల్ నుంచి రాగానే పండు, ఉడకబెట్టిన శనగలు, పల్లీలు (బాగా నమిలే వయసే కాబట్టి, పాపకి మాత్రం పల్లీలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి), గుడ్డు, పెరుగన్నం ఇలాంటివి ఒక టైముకి పెట్టండి, మధ్యలో దాహమేస్తే మంచినీళ్ళే. చిక్కీ, బెల్లం ఇంట్లో చేసినవే కదా అనకండి, పంటికి అవీ చక్కెరే.

అన్నిటికన్నా నష్టం చేసింది రాత్రి సీసా. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి, కింది పళ్ళని నాలుక కప్పి కాపాడుతుంది. పై నాలుగే నల్లబడ్డాయి అన్నప్పుడే నాకు సీసా అనుమానం వచ్చింది. పాలల్లో చక్కెర, చాక్లెట్ పొడి కలుపుతున్నారేమో, కలిపితే ఇంకా ఘోరం. పాలు గ్లాసులో, బ్రష్ చేయడానికి ముందు. బ్రష్ చేశాక నీళ్ళు తప్ప ఏమీ వద్దు. రెండు మూడు రాత్రులు గోల చేస్తాడు, చేయనివ్వండి.

ఈ వారంలోనే పిల్లల డెంటిస్ట్‌కి చూపించండి. ఎక్స్‌రే తీసి పంటిని నిలబెట్టొచ్చంటే పాల పంటికే రూట్ కెనాల్ లాంటిది చేసి స్టీల్ క్యాప్ వేస్తారు, కుదరకపోతే తీసేసి ఖాళీ మూసుకుపోకుండా ఒక తీగ పెడతారు. ఖర్చు ఇబ్బందైతే ప్రభుత్వ ఆసుపత్రి డెంటల్ ఓపీ ఉంది. ఆ సిరప్ సీసా తీసుకెళ్ళి ఎన్ని ఎంఎల్ వేశారో చెప్పండి, తిడతారని దాచకండి.

పేస్ట్ ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉందో లేదో చూడండి. బాబుకి బఠాణీ గింజంత, పాపకి బియ్యం గింజంత, రెండు పూటలా, బ్రష్ మీరే పట్టుకోవాలి. బోరు నీళ్ళు తాగుతుంటే ఆ మాట డెంటిస్ట్‌తో అనండి, కొన్ని ఊళ్ళ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ముందే ఎక్కువ. పాపని కూడా వెంట తీసుకెళ్ళండి, పై ముందు పళ్ళ చిగురు అంచున సున్నం గీతలా తెల్ల మచ్చలు ఉంటే అది పుచ్చు మొదలవడం, ఇప్పుడే ఆపొచ్చు.