కమార్గ్‌లో రెండు రోజులు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడుకు,

పెదనాన్న ఆశీస్సులు. జనవరిలో శని, ఆదివారాలు పక్షుల కోసం ఫ్రాన్సు దక్షిణాన ఉన్న కమార్గ్ చిత్తడి నేలలకు వెళ్తానని రాశావు. చదివిన రోజంతా నాకు కాలు నిలవలేదు. నువ్వు పంపిన చోట్ల పట్టిక కూడా చూశాను. రెండు రోజుల్లో ఏడు చోట్లు! అందులో నాలుగు కొట్టేస్తున్నాను. కోపం తెచ్చుకోకు.

మార్సెయ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే తిరిగాను. పొద్దున సముద్రపు కట్ట, మధ్యాహ్నం ఉప్పు మడులు, సాయంత్రం క్రౌ రాళ్ల మైదానం. కారు దిగడం, రెండు నిమిషాలు చూడడం, మళ్లీ ఎక్కడం. ఎక్కడికి వెళ్లినా దూరాన నీళ్ల మీద నల్లని చుక్కలే. చీకటి పడుతుంటే విసుగొచ్చి, ఒక మడుగు పక్కన కారు ఆపి ఫ్లాస్కులో మిగిలిన టీ తాగుతున్నాను. అప్పుడు లేచాయి బాతులు. తల మీదుగా గుంపులు గుంపులుగా, రెక్కల చప్పుడు ఈలలా వినిపించేంత కిందుగా వెళ్లాయి. రోజంతా నేను వెతికింది అక్కడ పది నిమిషాల్లో దాటిపోయింది.

దానికి కారణం తర్వాత తెలిసింది. ఫ్రాన్సులో నీటిపక్షుల వేట జనవరి 31 దాకా సాగుతుంది. కమార్గ్‌లో చాలా భూమి ప్రైవేటుది, వేటకు ఇచ్చేది. అందుకని టీల్, పిన్‌టెయిల్, షవలర్ లాంటి బాతులు పగలు అభయారణ్యం నీళ్లలో గుమిగూడి నిద్రపోతాయి. పొద్దు గుంకాక బయటి మడుగులకు మేతకు వెళ్లి, తెల్లారేసరికి తిరిగొస్తాయి. శీతాకాలంలో అక్కడి పగటికి రెండు కొసలే విలువ. జనవరిలో 8 దాటాక తెల్లారుతుంది, 5:15 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. రెండు సాయంత్రాలు, ఒక ఉదయం. నీ చేతిలో ఉన్నది అంతే, దాన్ని ముక్కలు చేయకు.

లియోన్ నుంచి ఆవిన్యోన్ దాకా టీజీవీ వేగపు రైల్లో వచ్చి, స్టేషన్‌లోనే కారు తీసుకో. బస్సు ఉన్నా, నువ్వు నిలబడాల్సిన చోట అది ఆగదు. ఆర్ల్ దగ్గర రోన్ నది రెండు పాయలవుతుంది, ఆ రెంటి మధ్య భూమే కమార్గ్. పెట్రోలు, తినడానికి ఏమైనా ఆర్ల్‌లోనే కొనుక్కో. జనవరిలో లోపల చాలా హోటళ్లు మూసే ఉంటాయి, తెరిచినవీ మధ్యాహ్నం రెండు దాటితే వంట కట్టేస్తాయి. నేనైతే ఎప్పుడూ పులిహోర కట్టుకుని వెళ్లేవాణ్ణి. చలిలో పాడవదు, కారులో కూర్చునే తినొచ్చు.

శనివారం మధ్యాహ్నమంతా పోన్ ద గో పక్షుల పార్కుకే ఇవ్వు. సాంత్ మరీ ద లా మేర్ ఊరికి నాలుగు కిలోమీటర్ల ముందే వస్తుంది. సుమారు 60 హెక్టార్ల మడుగులు, ఏడు కిలోమీటర్ల కాలిబాట. టిక్కెట్టు పెట్టి చూసే చోటని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఫ్లెమింగోల్ని అంత దగ్గరగా, అవి బెదరకుండా చూపించే చోటు నాకు ఇంకొకటి తెలియదు.

నిజానికి నేను ఈ ఉత్తరం రాస్తున్నది అందుకోసమే. మన పులికాట్‌లో మనం చూసేదీ ఇదే జాతి. కానీ చిన్నప్పుడు అటకానితిప్ప రోడ్డు మీంచి నువ్వు చూసింది దూరాన గులాబి గీత మాత్రమే. కమార్గ్‌లో శీతాకాలం నడుమ అవి జోడు వెతుక్కునే ఆట మొదలుపెడతాయి. ముందు ఒకటి మెడ నిటారుగా సాచి తలను అటూ ఇటూ టకటకా తిప్పుతుంది. పక్కది అందుకుంటుంది. కాసేపటికి వందల తలలు ఒకే తాళంలో తిరుగుతుంటాయి. అప్పుడు ఒక పక్షి ఉన్నట్టుండి రెక్కలు రెండూ విప్పి పట్టుకుంటుంది. మడిచినప్పుడు తెల్లగా, లేత గులాబిగా ఉన్న ఒంటి మీద ఎర్రెరుపు, దాని అంచున కారునలుపు భగ్గుమంటాయి. రెండు మూడు సెకన్లే, మళ్లీ మూసేస్తుంది. తర్వాత గుంపంతా బిగుతుగా ఒకరినొకరు ఒరుసుకుంటూ ఒక వైపు నడుస్తుంది, ఏమీ తోచనట్టు గిరుక్కున వెనక్కి తిరుగుతుంది.

ఈ ఆట సాగే రోజుల్లో వాటి రంగు చిక్కగా కనిపిస్తే ఆశ్చర్యపోకు. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి వచ్చే నూనెలో రంగు ఉంటుంది. దాన్ని చెంపకు అద్దుకుని మెడకూ వీపుకూ పూసుకుంటాయి. బూడిదరంగులో ఉన్నవి పిల్లలు, వాటికి నిండు రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది.

కాళ్లు కూడా చూడు. 1977 నుంచి అక్కడ ఫ్లెమింగో పిల్లల కాళ్లకు అక్షరాలు, అంకెలు ఉన్న ప్లాస్టిక్ రింగులు తొడుగుతున్నారు. ఈ పని నడిపేది తూర్ దు వలా పరిశోధనా కేంద్రం, 1954లో స్విస్ పక్షి శాస్త్రవేత్త లుక్ హోఫ్‌మన్ పెట్టింది. చిత్తడి నేలల కోసం 1971లో రామ్‌సార్ ఒప్పందం కుదిరిందంటే అందులో ఆయన కష్టం చాలా ఉంది. మన కొల్లేరుకు 2002లో వచ్చిన గుర్తింపు ఆ ఒప్పందం కిందిదే. రింగు కనిపిస్తే దాని రంగు, ఏ కాలికి ఉందో, అక్షరాలు ఏమిటో అప్పటికప్పుడు రాసుకో. తర్వాత గుర్తొస్తుందిలే అనుకుంటే గుర్తురాదు.

రాత్రి ఆర్ల్‌లో పడుకో. ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరి వకారెస్ సరస్సు తూర్పు ఒడ్డున డి36బి రోడ్డు పట్టుకో. ఉదయం అటు వైపే ఎందుకంటే సూర్యుడు నీ వీపు వెనక ఉంటాడు. నువ్వు చూసే పక్షి మీద వెలుగు పడుతుంది. అదే చోటికి సాయంత్రం వెళ్తే ఎండ కళ్లలో కొట్టి అన్నీ నల్లగా కనిపిస్తాయి. కారు దిగకు. ఇంజన్ ఆపి అద్దం దించి కూర్చో. మనిషి ఆకారం చూస్తే ఎగిరిపోయే పక్షి కారును పట్టించుకోదు. ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త, అక్కడ రోడ్డు అంచున గడ్డి కిందే లోతైన కాలవ ఉంటుంది. ఒకసారి నా ముందు చక్రం అందులోకి జారి, ట్రాక్టరు దొరికేదాకా రెండు గంటలు చలిలో నిలబడ్డాను. వెడల్పు చోటు కనిపించేదాకా ఆపకు.

ఆ రోడ్డు మీదే లా కపెలియేర్ అనే ప్రకృతి కేంద్రం ఉంది. చిన్న కాలిబాట, చాటున కూర్చుని చూసే గుడిసెలు. శీతాకాలంలో మూసే రోజు ముందే కనుక్కో.

గాలి సంగతి. మిస్ట్రాల్ అని ఉత్తరం నుంచి రోన్ లోయ వెంబడి దిగే గాలి. ఆకాశం అద్దంలా ఉంటుంది, చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది. టెలిస్కోపు వణికిపోతుంది, స్టాండు కాళ్లు పొట్టిగా పెట్టి కారు చాటున నిలుపు. పక్షులు కూడా రెల్లు చాటుకే చేరతాయి, నువ్వూ అటే చూడు. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడకు. చేతులకు లోపల పల్చటివి, పైన మందపువి రెండు జతలు వేసుకో. దోమల బెడద మాత్రం ఈ నెలల్లో ఉండదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా మాస్ దగోన్ అనే మడుగుల దగ్గర, సరస్సుకు ఉత్తరాన, రోడ్డు మీదే ఉండు. చుట్టూ వరి కోసిన మళ్లు. అవును, అక్కడా వరి పండిస్తారు. ఆ మోళ్లలో పగలంతా గింజలు ఏరుకున్న క్రేన్ పక్షులు పొద్దు గుంకుతుంటే నిద్రకు వస్తాయి. మన దేశపు సారస పక్షికి చుట్టాలు, వేలల్లో ఉంటాయి. కనిపించే ముందే వినిపిస్తాయి, గొంతులో బూర ఊదినట్టు. మొదటి వరస దిగగానే వెళ్లిపోకు. పెద్ద గుంపులు దాదాపు చీకట్లో వస్తాయి. టార్చి వెయ్యకు, హెడ్‌లైట్లు మడుగు మీద పడనివ్వకు, అవి బెదిరి లేస్తే ఆ చలిలో మళ్లీ చోటు వెతుక్కోవాలి. దూరాన తుపాకీ మోతలు వినిపిస్తే భయపడకు, వేటగాళ్లు. కంచె మాత్రం దాటకు.

క్రౌ మైదానం, కొండల్లో వాల్‌క్రీపర్ పిట్ట ఇంకోసారి పెట్టుకో. తిరుగు రైలు ఎనిమిది తర్వాతది తీసుకో, లేకపోతే పెద్ద గుంపులు వచ్చే వేళకు నీ చూపు గడియారం మీదే ఉంటుంది. రైలెక్కాక ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి దాటినా సరే మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న
సూళ్లూరుపేట