మిద్దె మీది చిక్కుడుకు మోనోక్రోటోఫాస్ వద్దు

బెంగళూరులో అగర దగ్గర మీ మిద్దె మీది చిక్కుడుకు పేనుబంక పట్టిందనీ, ఊరి నుంచి తెచ్చిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొట్టి, కాయలు కడిగి వండుకోవచ్చా అనీ అడిగారు. దయచేసి కొట్టకండి. ఆ మందు కాయ పైన ఆగదు; మొక్క లోపలికి ఇంకుతుంది, ఎంత కడిగినా పోదు. కూరగాయలపై దాని వాడకాన్ని మన దేశంలో 2005లోనే నిషేధించారు. 2013లో బీహార్‌లో బడి భోజనంలో కలిసి 23 మంది పిల్లల ప్రాణం తీసింది ఇదే.

బాగా పట్టిన చిగుళ్లు తుంచేసి, తీగను నీటి ధారతో కడగండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లండి. అక్షింతల పురుగులు కనిపిస్తే చంపకండి, పేనుబంకను తినేవి అవే. ఆ సీసాలోని మోనోక్రోటోఫాస్‌ను మాత్రం వాననీటి కాలువలో పారబోయకండి. ఆ నీళ్లు చేరేది బెళ్లందూరు చెరువుకే.